పసుపు నూనెకు, ఉప్పు నీళ్లకు: కరగడం వెనక ఉన్న లెక్క

(అనంతపురంలో రైతులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు బల్ల కనిపిస్తోందా? కనిపించకపోతే కాస్త ముందుకు రండి. ఈరోజు నేను మాట్లాడేదానికంటే ఈ గ్లాసులు మాట్లాడేది ఎక్కువ.

నాలుగు గ్లాసులు ఉన్నాయి. రెండిట్లో నీళ్లు, రెండిట్లో కాస్త వెచ్చజేసిన చెనిక్కాయల నూనె. నీళ్ల గ్లాసు ఒకదాంట్లో చెంచాడు ఉప్పు, ఇంకోదాంట్లో అర చెంచా పసుపు. నూనె గ్లాసుల్లోనూ అంతే, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పసుపు. మీరు వచ్చి కూర్చునేలోపే కలిపి పెట్టాం. అరగంట అయింది.

ఉప్పు నీళ్లు చూడండి. గింజ లేదు, తేటగా ఉన్నాయి. నూనెలో ఉప్పు? వేసింది వేసినట్టే అడుగున కూర్చుంది. ఎంత తిప్పినా అంతే, పొయ్యి మీద పెట్టి కాచినా అంతే. ఇప్పుడు పసుపు. నీళ్ల గ్లాసులో కలిపినప్పుడు అంతా పచ్చగానే ఉండింది కదా? ఇప్పుడు పొడి అడుక్కు దిగింది, పైనున్న నీళ్లకు రంగు దాదాపు లేదు. నూనె గ్లాసులో కూడా పొడి అడుక్కే దిగింది. కానీ పైనున్న నూనెను చూడండి. నూనే పచ్చబడింది. పచ్చగా ఉంది, తేటగానూ ఉంది.

ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకోండి, పచ్చగా, తేటగా. కలవడం వేరు, కరగడం వేరు. కలిసింది కాసేపటికి అడుక్కు దిగుతుంది, లేకపోతే పైకి తేలుతుంది, గుడ్డలో పోస్తే గుడ్డ మీద నిలుస్తుంది. కరిగింది దిగదు, తేలదు, గుడ్డలోంచి నీళ్లతోపాటే వెళ్లిపోతుంది. పసుపులోని రంగు పదార్థం పేరు కర్‌క్యుమిన్. నీళ్లలో అది కరగదనే చెప్పాలి. నూనెలో కరుగుతుంది.

ఇది మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఉగ్గాని చేసేటప్పుడు పసుపు ఎప్పుడు వేస్తారమ్మా? తిరగవాతలో వేస్తారు. నూనెలో ఆవాలు, మిరపకాయలు, ఎర్రగడ్డలు మగ్గాక పసుపు వేసి, అప్పుడు నానిన బొరుగులు పిండి వేస్తారు. నూనె ప్రతి బొరుగుకూ అంటుకుంటుంది, నూనెతోపాటు రంగు కూడా. అదే పసుపును తడి బొరుగుల మీద చల్లితే ఏమవుతుంది? ఒక చోట ముద్దగా పచ్చగా, ఇంకో చోట తెల్లగా ఉంటుంది. ఎంత కలిపినా మచ్చలు మచ్చలే. మరి ఉప్పు? ఉప్పును తిరగవాతలో వేసినా అది నూనెలో కరగదు, గింజగానే ఉంటుంది. బొరుగుల్లో ఉన్న తడి తగిలాకే కరిగి పాకుతుంది. ఒకే మూకుడులో పసుపును మోసేది నూనె, ఉప్పును మోసేది నీళ్లు. కారం కూడా నూనె మనిషే. అందుకే బజ్జీ మిరపకాయ కొరికి నోరు మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా మంట పోదు. పాలో పెరుగో నెయ్యి అన్నమో తింటే తగ్గుతుంది. మిరపకాయలు తరిగి చేతులు మండుతుంటే ముందు నూనె రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి. వట్టి నీళ్లు ఆ మంటను చెయ్యంతా పూయడానికే పనికొస్తాయి.

సరే, ఎందుకిట్లా? పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది, సజాతి సజాతిని కరిగిస్తుందని. పిల్లలు పరీక్షలో రాస్తారు, మార్కు వస్తుంది. కానీ అది గుర్తు పెట్టుకోవడానికి పనికొచ్చే మాటే, కారణం కాదు. కారణం నీళ్లలో ఉంది.

నీటి అణువులో మధ్యన ఆక్సిజన్, దానికి రెండు పక్కలా రెండు హైడ్రోజన్లు. తిన్నగా గీత గీసినట్టు ఉండవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. దాంతో ఆక్సిజన్ వైపు కాస్త మైనస్, హైడ్రోజన్ల వైపు కాస్త ప్లస్. పక్క అణువు హైడ్రోజన్ వచ్చి ఈ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటాం. ఒక్కో నీటి అణువు తన రెండు హైడ్రోజన్లతో ఇద్దరిని పట్టుకోగలదు, తన ఆక్సిజన్‌తో ఇంకో ఇద్దరికి చోటు ఇవ్వగలదు. మొత్తం నలుగురు.

కోలాటం చూశారు కదా అందరూ? ఒక్కొక్కరి చేతిలో రెండు కోలలు. ఇటు తిరిగి ఒకరి కోల మీద, అటు తిరిగి ఇంకొకరి కోల మీద. ఎవరి పక్కన ఎవరన్నది క్షణక్షణం మారుతుంది, దెబ్బ మాత్రం తప్పదు. గ్లాసులో నీళ్లు అట్లాంటి కోలాటమే. ఒక బంధం సెకనులో లక్ష కోట్లవ వంతు పాటు నిలుస్తుంది, తెగుతుంది, ఇంకోటి కడుతుంది.

ఈ కోలాటంలోకి కోలలు లేని మనిషి ఒకడు వచ్చి మధ్యలో నిలబడ్డాడనుకోండి. వాణ్ని ఎవరూ కొట్టరు, తిట్టరు, వాడంటే ఎవరికీ పగ లేదు. కానీ వాడి చుట్టూ ఉన్నవాళ్లు వాడి వైపు కోల చాపితే తగలడానికి ఏమీ లేదు. కాబట్టి వాడికి ఓరగా తిరిగి, పక్కవాళ్లతోనే ఆడాలి. తిరిగే స్వేచ్ఛ తగ్గింది. అట్లాంటివాళ్లు పదిమంది పది చోట్ల నిలబడితే ఆట పది చోట్ల ఇరుకైపోతుంది. అదే పదిమందీ ఒక మూలకు గుంపుగా చేరితే? ఇరుకు ఆ గుంపు చుట్టూ ఉన్నవాళ్లకే. మిగతావాళ్లు హాయిగా ఆడుకుంటారు. నూనె నీళ్లలో చుక్కలుగా గుమిగూడేది ఇందుకే. నూనెకు నీళ్లంటే అసహ్యం కాదు. నీళ్లు తమ ఆట వదులుకోవు, అంతే.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు, కొలిచి తేల్చిన సంగతి. నూనెలాంటి పదార్థాలు మామూలు వేడిమిలో నీళ్లలోకి వెళ్లలేకపోవడానికి పెద్ద కారణం నీటి అణువులు కోల్పోయే స్వేచ్ఛే. ఇంకో రుజువు చూడండి. నూనెకు నిజంగా నీళ్లంటే పడకపోతే నీళ్ల మీద పడ్డ చుక్క ముడుచుకుని కూర్చోవాలి కదా? అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లో క్లాఫమ్ అనే చోట చెరువులో చెంచాడు నూనె పోశాడు. అది పాకి పాకి అర ఎకరం మేర నీటిని నున్నగా చేసింది. 1774లో దాన్ని అచ్చు వేశాడు. చెంచా అంటే సుమారు 5 మిల్లీలీటర్లు, అర ఎకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు. పిల్లలూ, భాగించండి. మందం రెండున్నర నానోమీటర్లు వస్తుంది. దాదాపు ఒక్క అణువు మందం! నూనె అణువులో ఒక కొస ఉంది, అక్కడ ఆక్సిజన్లు ఉన్నాయి. ఆ కొస నీళ్లను ముట్టుకునే ఉంటుంది. మిగతా పొడుగు తోకలు, 16, 18 కార్బన్ల తోకలు మూడు, వాటి దగ్గర కోలలు లేవు.

ఇక్కడే ఇంకో పొరపాటు సరిచేస్తాను. నూనె తేలికది కాబట్టి నీళ్లలో కలవదని చాలామంది చెబుతారు. తేలడానికీ కరగకపోవడానికీ సంబంధం లేదు. సారాయిలో ఉండే ఇథనాల్ చెనిక్కాయల నూనెకంటే తేలిక, అయినా ఎంత పోస్తే అంత నీళ్లలో కరిగిపోతుంది. క్లోరోఫాం నీళ్లకంటే బరువు, నీళ్లలో చాలా కొద్దిగా తప్ప కరగదు, అడుక్కు పోయి కూర్చుంటుంది. తేలడమా మునగడమా అన్నది సాంద్రత చెబుతుంది. కరగడం సంగతి కోలలు చెబుతాయి.

మరి ఉప్పు? ఉప్పులో సోడియం ప్లస్, క్లోరైడ్ మైనస్. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీటి అణువులు ఆక్సిజన్ వైపుతో సోడియాన్నీ, హైడ్రోజన్ వైపుతో క్లోరైడ్‌నూ చుట్టుముట్టి విడదీస్తాయి. నీళ్లలో ఆ ప్లస్ మైనస్‌ల మధ్య లాగుడు 80వ వంతుకు పడిపోతుంది. నూనెలో మూడో వంతుకు పడుతుంది, అంతే. ఆ కాస్త సడలింపుతో ఉప్పు గింజ విడిపోదు. చక్కెరకు ప్లస్ మైనస్‌లు లేవు కానీ అణువుకు ఎనిమిది చోట్ల కోలలున్నాయి. అందుకే 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఉప్పు 36 గ్రాములు పడితే చక్కెర 200 గ్రాములు పడుతుంది. నీళ్లు మరిగేటప్పుడు చక్కెర రెట్టింపు దాటి పడుతుంది, ఉప్పు 39 గ్రాముల దగ్గరే ఆగుతుంది. చక్కెరతో తీగ పాకం వస్తుంది, ఉప్పుతో రాదు. ఎందుకో తెలిసింది కదా?

కానీ ప్లస్ మైనస్‌లున్నవన్నీ నీళ్లలో కరుగుతాయనుకోవద్దు. మన ఇళ్లల్లో పరిచిన కడప బండలు, నాపరాళ్లు కరుగుతున్నాయా? అవి సున్నపురాయి, కాల్షియం కార్బొనేట్. అక్కడ పట్టు ఎంత గట్టిదంటే, వట్టి నీళ్లు లీటరుకు పదిహేను మిల్లీగ్రాముల దాకా కూడా పెకలించడం కష్టం. వాన నీళ్లు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటే కథ మారుతుంది. కార్బొనేట్ బైకార్బొనేట్ అవుతుంది, దాని పట్టు సడలుతుంది, అప్పుడు రాయి కరుగుతుంది. ఎంత కరుగుతుందో చూడాలంటే తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు వెళ్లండి. బెలుం గుహలు 3229 మీటర్ల పొడుగు. అదంతా నీళ్లు కరిగించి తీసుకుపోయిన రాయి. గట్టు మీద కడప బండపై నిమ్మరసం పడితే మెరుగు పోయి మచ్చ పడేదీ ఇందుకే, పులుపు రాయిని తింటుంది. ఆ కరిగిన కాల్షియమే మన బోర్లలోకి వస్తుంది. ఆ నీళ్లు కాస్తే వాయువు పోయి మళ్లీ రాయి అవుతుంది, గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది.

ఫ్లోరైడ్ కూడా ఇట్లాంటి లెక్కే. మన జిల్లాకు ఇది ముఖ్యం, రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, నీళ్లలో ఎక్కువ నిలవవు. కాబట్టి కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలవడానికి వీలుంది. అట్లాంటి నీళ్లలో సబ్బు నురగ బాగానే వస్తుంది. నురగ బాగా వస్తోంది, మంచి నీళ్లే అని తాగొద్దు. పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. అది కరిగి ఉన్న పదార్థం, గుడ్డకు ఆగదు. కాస్తే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. రైతన్నలు ఇందుకే వచ్చారు.

నూనెనూ నీళ్లనూ కలపాలంటే రెండు వైపులా చుట్టరికం ఉన్న మధ్యవర్తి కావాలి. ఇథనాల్‌కు ఒక కొసన కోల, రెండు కార్బన్ల పొట్టి తోక, ఎంతైనా కరుగుతుంది. తోక నాలుగు కార్బన్లయితే 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములే. ఆరయితే అర గ్రాము పైచిలుకు. ఎనిమిదయితే చిటికెడు కూడా కాదు. తోక పెరిగేకొద్దీ నీళ్లు దూరం పెడతాయి. సబ్బు తోక పొడుగే, 16, 18 కార్బన్లు. కానీ దాని తలకు పూర్తి మైనస్ ఉంది. నీళ్లు ఆ తలను వదలవు. తోకేమో నూనెలో దూరుతుంది. చిన్న నూనె బొట్టు చుట్టూ తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. బయట నుంచి చూస్తే నీళ్లకు కనిపించేది తలలే. ఒక బొట్టు మైనస్, పక్క బొట్టూ మైనస్, కాబట్టి బొట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. పాలలా తెల్లగా నిలబడుతుంది. ఇది కరగడం కాదు సుమా, తేటగా లేదు కదా! నిలబెట్టడం మాత్రమే. ఎంతసేపు నిలుస్తుందన్నదే ప్రశ్న.

వేపనూనె కొట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. లీటరుకు 5 మిల్లీలీటర్ల నూనె, 1 గ్రాము సబ్బు పొడి. 15 లీటర్ల పంపుకు 75 మిల్లీలీటర్లు, 15 గ్రాములు. కొలత అందరికీ తెలుసు. తప్పు జరిగేది కొలతలో కాదు, వరసలో.

నీళ్లు నింపిన ట్యాంకులో పైనుంచి నూనె పోసి, సబ్బు పొడి చల్లి, మూత బిగించి ఊపుతారు. నూనె పైకి తేలుతుంది. పంపు మందు తీసుకునేది అడుగు నుంచి. మొదటి సాళ్లకు పడేది వట్టి సబ్బు నీళ్లు, అక్కడ పురుగు అట్లాగే ఉంటుంది. ట్యాంకు అడుగంటేటప్పుడు నూనె దిగుతుంది, ఆఖరి సాళ్లలో ఆకులు నూనె కారి మాడిపోతాయి. వేపనూనె పనిచేయలేదని కొందరు, చేను మాడ్చిందని కొందరు. ఇద్దరూ చూసింది నిజమే, ఒకే ట్యాంకు మొదలు, చివర!

ఇట్లా చేయండి. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఆ 15 గ్రాముల పొడి పూర్తిగా కరిగించండి. పొడి గింజలు మిగలకూడదు. ఆ నీళ్లను కర్రతో గిలకొడుతూ నూనెను సన్నటి ధారగా పోయండి. ఒక్కసారిగా కుమ్మరించొద్దు. కుమ్మరిస్తే పెద్ద బొట్లు పడతాయి, వాటిని చుట్టడానికి సబ్బుకు సందు దొరకదు. మజ్జిగ చిలికినట్టు చిలకండి. రంగు పాలలా మారాలి. అప్పుడు సగం నీళ్లున్న ట్యాంకులో జల్లెడ గుండా పోసి, మిగతా నీళ్లు నింపండి. కొడుతున్నంతసేపు మధ్యమధ్య ఊపండి. కలిపినది మరుసటి రోజుకు దాచొద్దు. చలికాలం పొద్దున వేపనూనె గడ్డకడుతుంది, అట్లాగే పోస్తే ముద్దలు పడి నాజిల్ మూసుకుపోతుంది. డబ్బాను వేడినీళ్లలో పెట్టి పలచబడ్డాక కొలవండి. కొట్టేది సాయంత్రం పూట. ఎండకు వేపలోని మందు గుణం చెడుతుంది, నూనె పూసిన ఆకు మాడుతుంది. సబ్బు ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు. ఆకు మీద మైనపు పొర ఉంటుంది, అదీ నూనె జాతే. సబ్బు దాన్నీ లేపేస్తుంది.

ఒక అన్న చీటీ పంపాడు, గింజల కషాయానికి నీళ్లు సరిపోతాయి, నూనెకు సబ్బెందుకని. మంచి ప్రశ్న. వేపగింజలో పురుగును ఆపే అజాడిరక్టిన్‌లో 16 ఆక్సిజన్ పరమాణువులున్నాయి. కోలలు చాలానే ఉన్నాయన్నమాట. అందుకే కొంత నీళ్లలోకి దిగుతుంది. 5 కిలోల గింజల పొడి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున పిండి, వడగట్టి 100 లీటర్లు చేస్తాం. అక్కడా కాస్త సబ్బు కలుపుతాం, అది ఆకుకు అంటడానికి. నూనెకు సబ్బు నిలబడటానికే కావాలి.

ఇప్పుడు ఇంకో రెండు గ్లాసులు కలుపుతున్నాను. రెండిట్లోనూ ఒకే బోరు నీళ్లు, కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లు, పావు లీటరు. రెండిట్లోనూ సిరంజితో కొలిచిన వేపనూనె, 1.25 మిల్లీలీటర్లు. ఎడమ గ్లాసులో బట్టల సబ్బు బిళ్ల గీకి కరిగించాం, కుడి గ్లాసులో డిటర్జెంట్ పొడి. రెండూ తెల్లగానే ఉన్నాయా? ఉన్నాయి. పక్కన పెడదాం.

ఇక రసాయన మందులు. ఈసీ అని డబ్బా మీద రాసి ఉండేది నూనె లాంటి ద్రవంలో మందునూ, సబ్బులాంటి మధ్యవర్తినీ ముందే కలిపి ఇచ్చింది. నీళ్లలో పోయగానే దానంతట అదే పాలలా అవుతుంది. అట్లా పాలలా అవ్వకపోయినా, తెట్టు తేలినా, ఆ డబ్బా పాతబడిందో నీళ్లు పనికిరావో చూసుకోండి. డబ్ల్యూపీ అని ఉంటే అది పొడి, నీళ్లలో కరగదు, తేలుతూ ఉంటుందంతే. ముందు చిన్న బకెట్‌లో జారుగా కలిపి ట్యాంకులో పోయాలి, ఆపకుండా ఊపాలి. రెండూ కలిపి కొట్టొచ్చని డబ్బా మీద ఉంటేనే కలపండి. అప్పుడూ పొడి ముందు, ఈసీ చివర. తిరగేస్తే నూనె పొడిని పట్టుకుని ముద్ద కడుతుంది.

దీనికంటే ముఖ్యమైనది చెబుతాను, దయచేసి వినండి. మన చర్మం పై పొర నూనె జాతి. వాన నీళ్లలో తడిస్తే నీళ్లు ఒంట్లోకి రావు. ఈసీ మందు వస్తుంది, నూనెలో కరిగేది కాబట్టి. నీళ్లు కలపని చిక్కటి మందు మూత తీసేటప్పుడు చేతి మీద పడితే అదే అన్నిటికంటే ప్రమాదం. గుడ్డతో తుడిచి పంచెకు రాసుకోవడం కాదు, వట్టి నీళ్లు చాలవు. వెంటనే, అక్కడికక్కడే, సబ్బు పెట్టి ధారాళంగా కడగాలి. తడిసిన చొక్కా విప్పేయాలి. నూనె, కిరోసిన్ అస్సలు రాయొద్దు. అవి మందును కరిగించి ఇంకా లోపలికి తోస్తాయి. అంటే చేనుకు పోయేటప్పుడు మందు డబ్బాతోపాటు ఒక సబ్బు బిళ్ల, ఒక బిందె మంచి నీళ్లు గట్టున ఉండాలి.

గ్లాసులు చూద్దాం. ఇరవై నిమిషాలు కాలేదు ఇంకా. కుడిది తెల్లగానే ఉంది. ఎడమదాని అంచు చూడండి. దగ్గరికి వచ్చి చూడండి. నూనె ఉంగరంలా కట్టింది, కింద తరకలు తరకలుగా విరిగింది. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బు తలలను పట్టేసింది. ఆ సబ్బు ఇక నీళ్లలో కరగదు, తెట్టు అయిపోయింది. మధ్యవర్తి పోయాడు, నూనె బయటపడింది. డిటర్జెంట్ తలను కాల్షియం అంత సులువుగా పట్టలేదు. కాబట్టి బోరు నీళ్లయితే బిళ్ల సబ్బు వద్దు, డిటర్జెంట్ పొడో, నూనెను నీళ్లలో నిలబెట్టడానికి అంగడిలో దొరికే ఎమల్సిఫయరో వాడండి. బిళ్ల సబ్బే ఉంటే వాన నీళ్లు పట్టుకోండి. ఏది వాడినా, ట్యాంకు నింపేముందు ఒక గ్లాసులో కలిపి పదిహేను నిమిషాలు గట్టున పెట్టండి. అంచున ఉంగరం కనిపిస్తే ఆ మందును పంపులో పోయొద్దు.